మూడో మెషీన్

ఆసుపత్రి నడపడం నేర్చుకోవడానికి శ్రీకాకుళం వచ్చిన ప్రిస్కిల్లా మొదట్లో చాలా రోజులు దుప్పట్ల దగ్గరే గడిపింది. ఏ వార్డు నుంచి మాసినవి ఎప్పుడు వెళ్తున్నాయి, ఉతికినవి ఎప్పుడు తిరిగొస్తున్నాయి, నెత్తుటి మరకలున్నవి విడిగా కడుతున్నారా లేదా. తర్వాత ఓపీ చీట్ల కౌంటర్లో కూర్చుంది. ఆ తర్వాత మందుల స్టోరు, వంటగది. విశాఖపట్నంలో ఆమె చదువుతున్నది హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ. చివరి ఏడాది ఏదో ఒక ఆసుపత్రిలో ఉండి పని నేర్చుకుంటేనే పట్టా ఇస్తారు. క్లాసులో వాళ్లు ఎక్కువమంది హైదరాబాదు పెద్దాసుపత్రులకి వెళ్లారు. ప్రిస్కిల్లా మాత్రం శ్రీకాకుళమే కావాలని అడిగింది. చీపురుపల్లిలో తల్లి జ్ఞానసుందరి ఒక్కతే ఉంటుంది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం రైలెక్కితే ఆరాధన మొదలయ్యే వేళకి ఇంట్లో ఉండొచ్చు.

ఆమెకి పని నేర్పే బాధ్యత ఆపరేషన్స్ మేనేజర్ మురళీమోహన్‌ది. యాభై దాటిన మనిషి, ఎప్పుడూ ఒకే రంగు చొక్కా. నవ్వడం తక్కువ గానీ అడిగినదానికి విసుక్కోకుండా చెప్పేవాడు.

"ఇక్కడ ఒక మంచం ఖాళీ అయితే దాని కోసం ముగ్గురు నిలబడి ఉంటారమ్మా. అది ఎవరికన్నది రోజూ ఎవరో ఒకరు చెప్పాలి. డాక్టర్లు వైద్యం చెప్తారు. మంచం సంగతి మనం చెప్పాలి. నీకు నేర్పవలసిందేదైనా ఉంటే అదే."

ప్రిస్కిల్లా తలూపింది. అప్పటికి అది ఆమెకి మంచం గురించిన మాటే.

2018 అక్టోబరు నాటికి ఆమెని డయాలసిస్ విభాగానికి పంపారు. పొడవాటి గది, గోడ వారన మెషీన్లు, ఒక్కో మెషీన్ పక్కన వాలుకుర్చీ. కిడ్నీలు పాడైనవాళ్లు వారానికి రెండు మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు ఆ కుర్చీల్లో పడుకునేవారు. ఒంట్లో నెత్తురు గొట్టంలోంచి మెషీన్‌లోకి వెళ్లి, శుభ్రపడి మళ్లీ ఒంట్లోకి వచ్చేది. మెషీన్లు చూసే టెక్నీషియన్ బెన్హర్. ఎవరు ఏ రోజు, ఏ వేళకి రావాలో ఫోన్లు చేసి సర్దడం ప్రిస్కిల్లా పని.

మూడో మెషీన్ దగ్గరికి వచ్చేది నారాయణమూర్తి మాస్టారు. అరసవల్లిలో సొంతిల్లు, ఊరి బయట కొంచెం వరిపొలం. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. ప్రిస్కిల్లా రాసి గోడకి అంటించిన నోటీసులో తప్పులు మొదటి రోజే పట్టుకున్నాడు.

"'బందువులు' కాదమ్మా, బంధువులు. ఒత్తు లేకపోతే చుట్టాలు నొచ్చుకుంటారు," అన్నాడు, కుడి చేతికి సూదులుండగా ఎడమ చేత్తో పేపరు మడుస్తూ.

కూతురు సుహాసిని ఆయన్ని తీసుకొచ్చేది. పోస్టాఫీసులో ఉద్యోగం. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, ఆఫీసుకెళ్లి, అయ్యే వేళకి వచ్చేది.

లక్ష్ముడిది ఉద్దానం. ఆ పక్క ఊళ్లలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసి గట్టిపడ్డ ఒళ్లు, నలభై కూడా రాని వయసు. దగ్గర్లో ఉన్న సెంటర్లో చోటు దొరక్క సోమవారం, గురువారం తెల్లవారుజామున బస్సెక్కి భార్య తాయారుతో ఇంత దూరం వచ్చేవాడు. కుర్చీలో వాలగానే నిద్రపోయేవాడు. తాయారు బయట వరండాలో చాప వేసుకుని కూర్చునేది.

గురువారం తెల్లవారేలోపు తిత్లీ తుఫాను తీరం దాటింది.

శ్రీకాకుళంలో చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది. ఉత్తరాన పలాస, ఉద్దానం వైపు ఏమీ మిగలలేదని మధ్యాహ్నానికి వార్త వచ్చింది. ఫోన్లు కలవడం లేదు. ఆసుపత్రి జనరేటరు మీద నడిచింది. డీజిలు ఉన్నంతే, నీళ్లు ఉన్నంతే. డయాలసిస్‌కి శుద్ధి చేసిన నీళ్లు డ్రమ్ములకొద్దీ కావాలి, మున్సిపాలిటీ నీళ్లు రావడం లేదు. ఆ రోజు మెషీన్లు నడవలేదు. శుక్రవారం సగం మెషీన్లు నడిపి, నాలుగు గంటలు ఎక్కించవలసినవాళ్లకి రెండేసి గంటలు ఎక్కించారు. కిడ్నీ డాక్టరు విశాఖలో చిక్కుకుపోయి, ఫోను దొరికినప్పుడు అలాగే చేయమన్నాడు.

ప్రిస్కిల్లా హాస్టల్‌కి వెళ్లడం మానేసింది. ఫోను కలిసినవాళ్లకల్లా ఒకటే మాట చెప్పింది: నీళ్లు తక్కువ తాగండి, ఉప్పు మానండి, పిలిచినప్పుడు రండి. లక్ష్ముడి నెంబరు ఎన్నిసార్లు కొట్టినా మూగగానే ఉంది.

శనివారం ఉదయం మురళీమోహన్ డీజిలు కోసం, నీళ్ల ట్యాంకరు కోసం ఆఫీసులు తిరగడానికి బయల్దేరాడు. పోతూ డయాలసిస్ గుమ్మం దగ్గర ఆగాడు. రెండు రోజుల గడ్డం, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నాలుగు మెషీన్లే నడపండి. ఎక్కినవాళ్లని మధ్యలో దించకండి. దించడం మొదలుపెడితే ఇంక ఆగదు, బయటున్న ప్రతివాడూ మా వాడికే ముందంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు సాయంత్రం దాకా ఆగాలి. ఎవరైనా గొడవ చేస్తే నా పేరు చెప్పు."

"అలాగే సార్."

ఆయన వెళ్లాక మాస్టారిని మూడో మెషీన్ మీద పెట్టారు. గురువారం రావలసిన మనిషి, కాళ్లు బాగా వాచి ఉన్నాయి. అయినా పేపరు అడిగాడు. పేపర్లు రాలేదని చెబితే పాత పేపరే ఇమ్మన్నాడు. ఇంట్లో తాగేందుకు చుక్క లేదని, మంచినీళ్ల క్యాను ఎక్కడైనా దొరుకుతుందేమో చూసొస్తానని సుహాసిని వెళ్లింది.

అప్పుడొచ్చింది తాయారు. చీర మోకాళ్ల దాకా బురద. వెనక ఇద్దరు మగవాళ్లు లక్ష్ముడిని చెరో వైపు పట్టుకుని మోసుకొస్తున్నారు. పడిపోయిన చెట్లు దాటించి, కొంత దూరం మంచం మీద, కొంత దూరం బండి మీద, హైవే ఎక్కాక ఎవరిదో లారీలో తెచ్చారు. క్యాజువాలిటీలో పడుకోబెడితే డ్యూటీ డాక్టరు పరుగున వచ్చింది. చిన్న వయసు, ఆమె కూడా మూడు రోజులుగా అక్కడే ఉంది. గుండె గీతలు తీసి చూసి, ఇంజెక్షన్ ఎక్కిస్తూనే అడిగింది.

"ఏం తిన్నాడు? ఏం తాగాడు?"

"తిండెక్కడిదమ్మా," అంది తాయారు. "బోరు నేదు, కరెంటు నేదు. నూతిలో సెట్టు పడిపోనాది. తోటంతా పడిపోనాది. కిందంతా బొండాలే. దాహం దాహం అని ఏడిసినాడు. బొండాలు కొట్టి పోసినాను. అవి తప్ప మరేటి ఉన్నాది?"

ప్రిస్కిల్లా డాక్టరు ముఖం చూసింది. కిడ్నీలు పనిచేయని మనిషికి కొబ్బరినీళ్లు విషంతో సమానం. అందులో ఉండే పొటాషియం ఒంట్లోంచి బయటికి పోయే దారి లేక గుండెని ఆపేస్తుంది. ఆ సంగతి ఆ గదికి వచ్చే ప్రతివాళ్లకీ చెబుతారు. తాయారుకీ చెప్పారు. తాయారుకీ తెలుసు.

డాక్టరు ప్రిస్కిల్లాని పక్కకి తీసుకెళ్లింది.

"ఇంజెక్షన్లతో కాసేపు ఆపగలను. ఆ కాసేపట్లో మెషీన్ మీద పెట్టాలి. లేకపోతే పోతాడు."

"ఖాళీ లేదు డాక్టర్. అందరూ ఎక్కి ఉన్నారు."

"నేను ఇక్కణ్ణుంచి కదలలేను. అవతల తల పగిలినవాడున్నాడు. ఎవరిని దించాలో మీరే చూసుకోండి. అడ్మినిస్ట్రేషన్ మీది కదా."

ప్రిస్కిల్లా మురళీమోహన్‌కి ఫోన్ చేసింది. కలవలేదు. విశాఖ డాక్టరుకి చేసింది. కలవలేదు. డయాలసిస్ గదిలోకి వచ్చి నిలబడింది. మొదటి మెషీన్ మీద నెత్తుటి ద్వారా అంటుకునే కామెర్లున్న మనిషి. ఆ మెషీన్ ఇంకొకరికి పెట్టడానికి లేదు. రెండో దాని మీద ఐసీయూ నుంచి తెచ్చిన ముసలామె, తెలివిలో లేదు. నాలుగో దాని మీద ఇప్పుడే ఎక్కించిన అమ్మాయి, ఊపిరాడక కూర్చునే ఉంది. మూడో దాని మీద మాస్టారు. గంటకి పైగా అయింది. పాత పేపరు చదువుతున్నాడు.

"బెన్హర్ గారూ, మాస్టార్ని దించి లక్ష్ముణ్ణి పెట్టాలి."

బెన్హర్ చేతి తొడుగులు సర్దుకుంటూ ఆగిపోయాడు. "సారు దించొద్దన్నారు కదా మేడం."

"సారు ఫోన్ కలవడం లేదు."

"మరి ఎవరి మాట మీద దించమంటారు?"

"నా మాట మీద."

అతను తొడుగులు బిగించుకున్నాడు. ఆమె మాస్టారి దగ్గరికెళ్లి, కుర్చీ పక్కన వంగింది.

"మాస్టారూ, బయట ఒకాయన ప్రాణం మీదకొచ్చింది. మిమ్మల్ని ఇప్పుడు దించి, సాయంత్రం మళ్లీ ఎక్కిస్తాం."

ఆయన పేపరు మీంచి కళ్లెత్తాడు. కాసేపు ఆమె మాట అర్థం కానట్టే చూశాడు.

"నా టైమవలేదు కదమ్మా," అన్నాడు.

"అవలేదు మాస్టారూ. సాయంత్రం తప్పకుండా పెడతాం."

"గురువారం కూడా లేదు." ఆయన ఎడమ చేయి కుర్చీ చేతిని పట్టుకుంది. "ఇంకొంచెంసేపు ఉండనియ్యమ్మా. కాళ్లు చూడు."

ఆమె కాళ్లు చూడలేదు. బెన్హర్ వైపు చూసి తలూపింది. గొట్టంలో ఉన్న నెత్తురంతా ఒంట్లోకి పంపి, సూదులు తీసి, అతను దూది నొక్కి పట్టుకున్నాడు. మాస్టారు అభ్యంతరం చెప్పలేదు. ఒప్పుకోనూ లేదు. కుర్చీ చేతి మీద ఉన్న ఆయన వేళ్లని ప్రిస్కిల్లాయే నెమ్మదిగా విడదీసింది. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి దుప్పటి కప్పింది.

మెషీన్ కడిగి లక్ష్ముణ్ణి ఎక్కించారు. గుండె గీతలు మెల్లిగా దారికొచ్చాయి. మధ్యాహ్నం దాటాక కళ్లు తెరిచి, "ఒసే తాయారూ, ఎక్కడున్నాం?" అని అడిగాడు. తాయారు గోడకి జారగిలబడి కూర్చుని ఏడ్చింది.

సుహాసిని నీళ్ల క్యానుతో తిరిగొచ్చేసరికి తండ్రి బెంచీ మీద ఉన్నాడు. ముందే ఎందుకు దించారని అడిగితే అత్యవసరం వచ్చిందని, సాయంత్రం మళ్లీ ఎక్కిస్తామని ప్రిస్కిల్లా చెప్పింది. ఇద్దరూ ఇంటికెళ్లకుండా అక్కడే కూర్చున్నారు. సాయంత్రమైంది. డీజిలు డ్రమ్ములతో మురళీమోహన్ వచ్చాడు గానీ నీళ్ల ట్యాంకరు రాలేదు. శుద్ధి చేసిన నీళ్లు అయిపోయాయి. బెన్హర్ ఒక్కొక్క మెషీనే ఆపేశాడు.

"రేపు పొద్దున్నే రండి. మొదట మిమ్మల్నే పెడతాం," అని ప్రిస్కిల్లా మాస్టారితో అంది. ఆయన ఆటో ఎక్కడానికి కూతురి భుజం పట్టుకున్నాడు. ఆమె వైపు చూడలేదు.

ఆదివారం తెల్లవారాక ట్యాంకరు వచ్చింది. మూడో మెషీన్ సిద్ధం చేసి ఉంచారు. మాస్టారు రాలేదు. ప్రిస్కిల్లా ఫోన్ చేస్తే ఎవరో మగగొంతు ఎత్తింది. తెల్లారుజామున ఆయాసం వచ్చిందని, ఆటో పిలిచేలోపే పోయారని చెప్పి పెట్టేసింది.

ఆమె ఫోన్ పట్టుకుని చాలాసేపు ఆ కుర్చీ ముందు నిలబడింది. బెన్హర్ వచ్చి, ఏమీ అడక్కుండా, వరండాలో కూర్చున్న ఇంకొకరిని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు.

కర్మకాండలయ్యాక సుహాసిని ఆసుపత్రికి వచ్చింది. మురళీమోహన్ ఆమెని తన గదిలో కూర్చోబెట్టి మాట్లాడాడు. ప్రిస్కిల్లా తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మీ నాన్నగారు పెద్దమనసున్న మనిషమ్మా. బయట ప్రాణం పోతోందని వినగానే, నన్ను దించి అతన్ని ఎక్కించండని ఆయనే అన్నారు. మా వాళ్లందరూ విన్నారు."

సుహాసిని తలవంచుకుని విన్నది. ఆమె కళ్లు తడిశాయి. ఆ మాట ఆమెకి ఎక్కడో ఆనింది, ముఖంలో తెలిసింది. లేచి బయటికొచ్చి, మెట్ల దగ్గర ప్రిస్కిల్లాని ఆపింది.

"మీరు ఆ వేళ అక్కడే ఉన్నారు కదా. నాన్న సరిగ్గా ఏమన్నారు? ఆయన మాట ఎలా అన్నారో అలాగే చెప్పండి."

మేనేజరు చెప్పిన మాట అలాగే ఉంచేస్తే ఈమె ఇంటికెళ్లి కొంచెమైనా నిద్రపోతుంది. తండ్రి గురించి నలుగురికీ చెప్పుకుంటుంది. అలా ఉంచేయడం తేలిక కూడా. కానీ ఈమె అడిగింది ఆయన మాట. ఒక్క ఒత్తు పోతే ఊరుకోని మనిషి మాట.

"'నా టైమవలేదు కదమ్మా' అన్నారు," అంది. "ఇంకొంచెంసేపు ఉండనియ్యమని అడిగారు. కాళ్లు చూడమన్నారు. ఆయన దిగుతానని అనలేదు. నేనే దింపించాను."

సుహాసిని తిట్టలేదు. కొట్టలేదు. "నేను నీళ్ల క్యాను కోసం వెళ్లకుండా ఉంటే దింపేవారా?" అని అడిగింది.

సుహాసిని మెట్లు దిగి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా కాలేజీకి, ఆసుపత్రికి ఫిర్యాదు వెళ్లింది. చదువుకోడానికొచ్చిన విద్యార్థిని ఎవరి అనుమతితో వైద్యం మధ్యలో ఆపించిందని అందులో అడిగింది సుహాసిని. న్యాయమైన ప్రశ్నే. కాలేజీ వాళ్లు ప్రిస్కిల్లా శిక్షణ రద్దు చేశారు. కొత్త ఏడాది వేరే ఆసుపత్రిలో మొదట్నుంచీ మొదలుపెట్టాలన్నారు.

ఆమె సామాన్లు తీసుకోడానికి వెళ్తే మురళీమోహన్ టీ తెప్పించాడు.

"నేనున్నా అతన్నే ఎక్కించేవాణ్ణేమో," అన్నాడు గ్లాసులోకి చూస్తూ. "మాస్టార్ని దించేవాణ్ణేమో. ఆ అమ్మాయికి మాత్రం అలా చెప్పేవాణ్ణి కాదు. ఎందుకు చెప్పావమ్మా? ఆయన ఎలాగూ లేడు. ఆ పిల్ల సంగతి కూడా ఆలోచించాలి కదా."

"అడిగింది సార్."

"అడుగుతారు. అందరూ అడుగుతారు." ఆయన గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

చీపురుపల్లిలో తల్లికి అంతా చెప్పింది. జ్ఞానసుందరి మధ్యలో అడ్డు తగలకుండా విన్నది. నలభై ఏళ్లు రోగుల మధ్య తిరిగిన మనిషి, ఏదో ఒక ఓదార్పు మాట అంటుందని ప్రిస్కిల్లా ఎదురుచూసింది.

"ఆ పెద్దాయన కాళ్లు చూడమన్నాడన్నావు. చూసావా?"

"లేదమ్మా. చూస్తే దించలేనని."

జ్ఞానసుందరి లేచి అన్నం వడ్డించింది. ఆ రాత్రి ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చెప్పింది, నారాయణమూర్తి పేరు, లక్ష్ముడి పేరు. కూతురి పేరు కూడా ఆ వెంటే చెప్పింది. ప్రిస్కిల్లా ఆమేన్ అనలేకపోయింది.

సంవత్సరం మారాక ఆమె విజయనగరంలో ఒక ఆసుపత్రిలో చేరింది. మళ్లీ దుప్పట్లు, మళ్లీ ఓపీ కౌంటరు. ఎండలు ముదిరే వేళ ఒక రోజు తాయారు ఫోన్ చేసింది. నెంబరు బెన్హర్ ఇచ్చాడట.

"అమ్మా, నాను ఉద్దానం తాయార్ని. మా ఆయన బతికే ఉన్నాడమ్మా. తోట నేదు, ఏటీ నేదు. మనిసి ఉన్నాడు. ఆ మాస్టారి సంగతి మొన్ననే తెలిసినాది నాకు. ఎవురో మాటల్లో అనీసినారు. వాళ్లిల్లు ఎక్కడో సెప్పమ్మా. నానెల్లాల."

"వెళ్లి ఏం చెప్తావు తాయారూ?"

"తెల్దు. ఎల్లకుండా ఉండనేను."

గురువారం శ్రీకాకుళంలో లక్ష్ముణ్ణి మెషీన్ మీద పెట్టాక తాయారు బయటికొచ్చింది. విజయనగరం నుంచి వచ్చిన ప్రిస్కిల్లా ఆసుపత్రి గేటు అవతలే నిలబడి ఉంది. లోపలికి వెళ్లలేదు. ఇద్దరూ ఆటోలో అరసవల్లి వెళ్లారు. గుడికొచ్చే జనం, లాడ్జీల ముందు ఆటోల బారు దాటి, లోపలి వీధిలో ఇల్లు. తలుపు కొట్టాక సుహాసిని తీసింది. ఆఫీసుకి బయల్దేరుతున్నట్టుంది, భుజాన సంచీ. ప్రిస్కిల్లాని చూడగానే ముఖం బిగుసుకుంది. తర్వాత తాయారుని చూసింది. ఎవరో చెప్పనక్కర్లేకపోయింది.

తాయారు దారి పొడుగునా ఏం చెప్పాలో మాటలు కూడగట్టుకుంటూనే వచ్చింది. అక్కడికొచ్చాక రెండు చేతులూ జోడించి గుమ్మం కింద నిలబడింది.

"ఆయన ఉన్నాడా?" అని అడిగింది సుహాసిని.

"ఉన్నాడమ్మా. మెసీను మీద ఉన్నాడు."

సుహాసిని గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది. లోపలికి రమ్మనలేదు. వెళ్లిపొమ్మనీ అనలేదు.

"ఉండనీ," అంది. తలుపు వేసేసింది. లోపల గడియ పడిన చప్పుడైంది.

వాళ్లిద్దరూ వీధి చివరి దాకా నడిచారు. ఆటో ఎక్కబోతూ తాయారు చీర చెంగుతో ముఖం తుడుచుకుంది.

"మల్లీ వొత్తాను," అంది. "తలుపు తీసినా, తీకపోనా. నువ్వు రానక్కర్నేదమ్మా. దారి తెలిసినాది కదా."

ప్రిస్కిల్లా ఆమెని ఆసుపత్రి దగ్గర దించి, అదే ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి విజయనగరం బస్సెక్కింది.